ఓపిక, చేయబుద్ధి, మూడ్: నెలసరి హార్మోన్ల లెక్క మీ నోట్‌బుక్‌లో తేల్చుకోవడం ఎలా?

నా పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది: "డ్రాయర్ ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు. కూర్చుని ఏడ్చాను. మూడ్ 2, ఒంట్లో ఓపిక 3, మనసులో ఓపిక 1, చేయబుద్ధి 1." తేదీ పక్కన, తర్వాత ఎప్పుడో ఎర్ర ఇంకుతో వేసిన అంకె: 24. ఐదు రోజుల తర్వాతి పేజీ: "కడుపునొప్పి. డ్రాయర్ బాగుచేశాను. మూడ్ 4." ఎర్ర అంకె: 2.

ఈ రెండు పేజీల మధ్య నా జీవితంలో కొత్తగా ఏమీ జరగలేదు. అదే ఉద్యోగం, అదే ఇల్లు, అదే డ్రాయర్. మధ్యలో పీరియడ్స్ వచ్చాయి, అంతే.

ఈ విషయం మీద వెతికితే రంగురంగుల చక్రాల బొమ్మలు బోలెడు దొరుకుతాయి. మొదటి వారం విశ్రాంతి, రెండో వారం ఉత్సాహం, మూడో వారం నిలకడ, నాలుగో వారం చిరాకు. చూడ్డానికి బాగుంటాయి కానీ నాకు వాటి మీద నమ్మకం లేదు. అందరి ఒళ్లూ ఒకే క్యాలెండర్ ప్రకారం నడవదు. కొందరికి నెల మొత్తంలో తేడానే తెలియదు, కొందరికి ఆ చివరి వారం నరకం. మీరు ఎక్కడున్నారో చెప్పగలిగేది మీరు రాసుకున్న చార్ట్ ఒక్కటే. దానికి ఒక నోట్‌బుక్, రోజూ రాత్రి రెండు నిమిషాలు, రెండు మూడు నెలల పట్టుదల ఉంటే చాలు.

1. రోజులు లెక్కపెట్టడం: ముందుకు కాదు, వెనక్కి

బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజు 1వ రోజు. అంతకు ముందు కనిపించే చిన్న చిన్న మరకలు లెక్కలోకి రావు. మళ్లీ పీరియడ్స్ వచ్చే ముందు రోజుతో ఆ సైకిల్ అయిపోయినట్టు. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల వరకు ఎంత ఉన్నా మామూలే. 28 అనేది సగటుకు దగ్గరగా ఉన్న అంకె మాత్రమే, పరీక్షలో పాస్ మార్కు కాదు. పీరియడ్స్ మొదలైన తొలి ఏళ్లలో అమ్మాయిలకు 45 రోజుల వరకు సాగడం కూడా మామూలే.

చాలామంది పొరబడేది ఇక్కడే. అండం 14వ రోజున విడుదలవుతుందని ఎక్కడో చదివి అందరూ అదే లెక్క వేసుకుంటారు. నిజానికి సైకిల్ పొడవులో తేడా ఎక్కువగా అండం విడుదలకు ముందు రోజుల్లోనే వస్తుంది. విడుదలయ్యాక పీరియడ్స్ రావడానికి చాలామందికి 12 నుంచి 14 రోజులు పడుతుంది, అది పెద్దగా మారదు. అంటే 35 రోజుల సైకిల్ ఉన్నవాళ్లకు అండం సుమారు 21వ రోజున విడుదలవుతుంది. 14వ రోజున కాదు.

అందుకే పీరియడ్స్ వచ్చాక నోట్‌బుక్‌లో వెనక్కి వెళ్లి, నిన్నటి నుంచి −1, −2, −3 అంటూ −14 దాకా అంకెలు వేయండి. మూడ్ విషయంలో ఈ వెనకటి అంకెలే పనికొస్తాయి. యాప్‌లు చూపించే "మీరు ఇప్పుడు ఫలానా దశలో ఉన్నారు" అనే మాట చాలావరకు పాత తేదీల మీద వేసిన అంచనా. కచ్చితంగా తెలుసుకోవాలనుకుంటే యూరిన్‌తో చేసుకునే ఓవ్యులేషన్ కిట్ వాడొచ్చు. అది చూపించే హార్మోన్ ఒక్కసారిగా పెరగడం మొదలయ్యాక 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. లేదా పొద్దున్నే మంచం దిగకముందు టెంపరేచర్ చూసుకోవచ్చు. అండం విడుదలయ్యాక అది 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, పీరియడ్స్ దాకా అలాగే ఉంటుంది. మన పనికి ఇవి తప్పనిసరి కాదు.

2. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

మెదడు అడుగున పిట్యుటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అక్కడి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ అండాశయానికి కబురు తెస్తుంది. అండం ఉండే చిన్న సంచి పెరగడం మొదలవుతుంది. అది పెరిగేకొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారవుతుంది. పీరియడ్స్ రోజుల్లో ఈస్ట్రోజెన్ బాగా తక్కువ. ఆ తర్వాత రోజురోజుకూ పెరిగి, అండం విడుదలకు కాస్త ముందు శిఖరానికి చేరుతుంది. అప్పుడు పిట్యుటరీ నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ (ఓవ్యులేషన్ కిట్ చూపించేది దీన్నే) ఒక్క ఉదుటున వస్తుంది, అండం బయటికి వస్తుంది. ఖాళీ అయిన సంచి ఊరికే ఉండదు, అది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారుచేసే తాత్కాలిక గ్రంథిగా మారుతుంది. ఒక వారానికి ప్రొజెస్టెరాన్ శిఖరానికి చేరుతుంది, ఈస్ట్రోజెన్ కూడా రెండోసారి కాస్త లేస్తుంది. గర్భం రాకపోతే ఆ గ్రంథి మూతపడుతుంది. హార్మోన్లు రెండూ చివరి రోజుల్లో పడిపోతాయి, పీరియడ్స్ మొదలవుతాయి.

ఇందులో మూడ్‌కు సంబంధం ఎక్కడ? ఈస్ట్రోజెన్ మెదడులో, మూడ్‌తో సంబంధం ఉన్న సెరటోనిన్ అనే రసాయనం తయారీకి సాయం చేస్తుంది, అది త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. దేన్నైనా కోరుకోవడానికి, దాని వెంట పడడానికి కారణమయ్యే డోపమైన్ వ్యవస్థ మీద కూడా దాని ప్రభావం ఉంది. పీరియడ్స్ అయిపోయిన వారంలో చాలామంది "తేలిగ్గా ఉంది" అనడానికి ఇదొక కారణం కావచ్చు.

ప్రొజెస్టెరాన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. శరీరం దానిలో కొంత భాగాన్ని అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారుస్తుంది. అది మెదడులో గాబా అనే వ్యవస్థ మీద పనిచేస్తుంది. టెన్షన్ తగ్గించే మందులు, నిద్రమాత్రలు చాలావరకు పనిచేసేది కూడా ఈ వ్యవస్థ మీదే. ఆ లెక్కన మనసు నెమ్మదించాలి. చాలామందికి నెమ్మదిస్తుంది, లేదా తేడా ఏమీ తెలియదు. కొందరికి మాత్రం తిరగబడుతుంది: ఆందోళన, చిరాకు, ఊరికే కళ్లలో నీళ్లు.

ఎందుకలా? దీనికి దారి చూపించిన ప్రయోగం ఒకటుంది. 1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన పీటర్ ష్మిట్ బృందం, పీరియడ్స్ ముందు బాగా ఇబ్బందిపడే ఆడవాళ్లకు అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే మందు ఇచ్చింది. చాలామందిలో లక్షణాలు తగ్గాయి. అలా తగ్గినవాళ్లకు ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టెరాన్ గానీ మళ్లీ ఇస్తే లక్షణాలు తిరిగొచ్చాయి. ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్లకు అదే మందు, అవే హార్మోన్లు ఇస్తే ఏమీ కాలేదు. అంటే తేడా హార్మోన్ మోతాదులో లేదు, ఆ మార్పుకు మెదడు స్పందించే తీరులో ఉంది.

ఇది తెలియక నేను ఒకసారి డబ్బు పెట్టి హార్మోన్ టెస్టులన్నీ చేయించుకున్నాను. అన్నీ నార్మల్ వచ్చాయి. రిపోర్టు చూసినాయన "మీకేం లేదమ్మా, ఎక్కువగా ఆలోచిస్తున్నారు" అని పంపేశారు. నార్మల్ రావడంలో వింత లేదు. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో హార్మోన్లు సాధారణంగా నార్మల్‌గానే ఉంటాయి. ఆ కాగితం ఆధారంగా నాకేమీ లేదనడమే తప్పు.

ఓపిక సంగతి వేరు. పీరియడ్స్ మొదటి రెండు రోజుల్లో నీరసానికి హార్మోన్ల కంటే పక్కవాటి బాధ్యతే ఎక్కువ. గర్భాశయం ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి తెస్తాయి, కొందరికి విరేచనాలు కూడా తెస్తాయి. రక్తం పోతుంది, నిద్ర చెడుతుంది. దానికి ముందు వారంలోనేమో ప్రొజెస్టెరాన్ వల్ల ఒళ్లు కాస్త వెచ్చగా ఉండి, చాలామందికి నిద్ర మధ్యలో తెగుతుంది.

ఇంకో మాట. "ఆ రోజుల్లో బుర్ర పనిచేయదు" అని మనమే అనేసుకుంటాం. అధ్యయనాలను కలిపి చూస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, లెక్కలు లాంటివి సైకిల్‌తో పాటు స్థిరంగా పడిపోతున్నాయనడానికి ఆధారం దొరకలేదు. పని నాణ్యత తగ్గకపోయినా, అదే పనికి మనం పెట్టాల్సిన శ్రమ పెరిగినట్టు అనిపిస్తుందేమో అని నా అనుమానం.

3. నోట్‌బుక్‌లో ఏం రాయాలి

ఇంగ్లీషు యాప్‌లలో "ఎనర్జీ" అని ఒకే గడి ఉంటుంది. మనకు ఇంకా మంచి మాటలున్నాయి. "ఓపిక లేదు" అంటే ఒంట్లో సత్తువ లేదని ఒక అర్థం, ఎదుటివాళ్లను భరించే సహనం లేదని ఇంకో అర్థం. పీరియడ్స్ ముందు ఈ రెండూ ఒకేసారి పోతాయి కాబట్టి కలిపేసి మాట్లాడతాం. చార్ట్‌లో మాత్రం విడదీయండి. అలాగే "చేయలేకపోతున్నాను" వేరు, "చేయబుద్ధి కావట్లేదు" వేరు. మోటివేషన్ అంటూ అందరూ మాట్లాడేది ఈ రెండోదాని గురించే.

కాబట్టి గళ్లు ఐదు: మూడ్, ఒంట్లో ఓపిక, మనసులో ఓపిక, చేయబుద్ధి, రాత్రి నిద్రపోయిన గంటలు. మొదటి నాలుగింటికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయండి. 3 అంటే మీ మామూలు రోజు. కింద ఒక్క వాక్యం, ఆ రోజు జరిగింది. నా డ్రాయర్ వాక్యం లాంటిది. మార్కుల కంటే ఆ వాక్యమే తర్వాత ఎక్కువ చెబుతుంది.

ఓపికా, చేయబుద్ధా అని తేల్చుకోలేకపోతే చిన్న పరీక్ష ఉంది. వాయిదా వేస్తున్న పని ఏదైనా పది నిమిషాలు చేసి చూడండి. మొదలుపెట్టాక చేయి దానంతటదే సాగిపోతే, తక్కువైంది చేయబుద్ధి. పది నిమిషాలకే ఒళ్లు పడుకోమంటే, తక్కువైంది ఒంట్లో ఓపిక. మందు కూడా మారుతుంది: మొదటిదానికి పని మొదలుపెట్టడం, రెండోదానికి నిద్ర.

మూడు నియమాలు గట్టిగా పాటించండి. ఒకటి, రాసేటప్పుడు సైకిల్‌లో ఎన్నో రోజో వేయొద్దు. తేదీ మాత్రమే. 24వ రోజు అని తెలిస్తే చేయి తనంతట తానే 2 వేసేస్తుంది. అంకెలు పీరియడ్స్ వచ్చాక, ఎర్ర ఇంకుతో. రెండు, వెనక పేజీలు చూడొద్దు. మూడు, మర్చిపోయిన రోజును మర్నాడు గుర్తుతెచ్చుకుని నింపొద్దు, ఖాళీగా వదిలేయండి. జ్ఞాపకం పక్షపాతి. పీరియడ్స్ ముందు వచ్చిన ఏడుపును దాచిపెట్టుకుంటుంది, రెండో వారంలో వచ్చిన ఏడుపును పారేస్తుంది.

4. చార్ట్ చదవడం

కనీసం రెండు సైకిల్స్ పూర్తయ్యేదాకా ఆగండి, మూడైతే మేలు. ఒక్క నెల చూసి ఏమీ తేల్చలేం. ఆ నెలలో గొడవలు, పరీక్షలు, జ్వరాలు ఏవైనా ఉండి ఉండొచ్చు.

రెండు కిటికీలు తీసుకోండి: −7 నుంచి −1 వరకు ఒకటి, 6వ రోజు నుంచి 12వ రోజు వరకు ఇంకొకటి. ఒక్కో గడికి సగటు కట్టి పక్కపక్కన పెట్టండి.

మొదటి కిటికీలో మార్కులు బాగా తక్కువ, రెండోదానిలో హాయిగా ఉంటే, మీ ఇబ్బంది సైకిల్‌తో వచ్చిపోతోందన్నమాట. రెండు కిటికీల్లోనూ తక్కువే ఉండి, మొదటిదానిలో ఇంకా తక్కువైతే కథ వేరు: అడుగున డిప్రెషనో, ఆందోళనో, ఇంకేదో నెలంతా ఉంది, ఆ వారంలో ముదురుతోంది. ఇది చాలా ముఖ్యమైన తేడా, ఎందుకంటే చికిత్స అడుగున ఉన్నదానికి జరగాలి. 1, 2, 3 రోజుల్లో మాత్రమే పడిపోతుంటే నొప్పి, రక్తం, నిద్ర వైపు చూడండి. ఏ వరసా కనిపించకపోతే హార్మోన్లను వదిలేయండి. అదీ ఒక జవాబే.

నా చార్ట్‌లో మూడ్ సగటు మొదటి కిటికీలో 2.4, రెండోదానిలో 3.9. అనుకున్నదే. ఆశ్చర్యం చేయబుద్ధి గడిలో వచ్చింది: 2.1, 2.6. అంటే మంచి వారంలో కూడా నాకు ఏదీ చేయబుద్ధి కావట్లేదు. వాక్యాలు చదివితే కారణం దొరికింది. ప్రతి రెండో పేజీలో ఆఫీసులో ఒకే ప్రాజెక్టు మీద ఏడుపు. ఏడాదిగా ఆ విసుగును హార్మోన్ల ఖాతాలో రాస్తూ వచ్చాను.

5. హార్మోన్ల మీద నింద వేసే ముందు వీటిని చూసుకోండి

గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుంటే, బ్లీడింగ్ 7 రోజులు దాటుతుంటే, పెద్ద గడ్డలు పడుతుంటే అది ఎక్కువ బ్లీడింగ్. ఐరన్ నిల్వలు కరిగిపోతాయి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. కానీ హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు అడుగంటి నీరసం రావచ్చు, కాబట్టి ఆ నిల్వలను చూపించే ఫెరిటిన్ టెస్ట్ కూడా అడగండి. థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. నెలంతా నీరసంగా ఉన్నవాళ్లకు ఈ రెండూ ముందు.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ చార్ట్ మారుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు సాధారణంగా అండం విడుదలను ఆపేస్తాయి. మాత్ర ఆపిన వారంలో వచ్చేది అసలు పీరియడ్ కాదు, హార్మోన్ ఆగినందుకు వచ్చే బ్లీడింగ్. అప్పుడు రోజులు మాత్రల ప్యాకెట్ ప్రకారం లెక్కపెట్టండి. హార్మోన్ ఉన్న లూప్ వేయించుకున్నవాళ్లకు దీనికి వ్యతిరేకంగా ఉండొచ్చు: బ్లీడింగ్ ఆగినా చాలామందిలో అండం విడుదలవుతూనే ఉంటుంది.

నలభైల్లో ఉండి, సైకిల్ ఒక నెలకూ ఇంకో నెలకూ 7 రోజులు, అంతకంటే ఎక్కువ తేడాగా వస్తుంటే మెనోపాజ్ వైపు ప్రయాణం మొదలై ఉండొచ్చు. ఆ ఏళ్లలో ఈస్ట్రోజెన్ నెమ్మదిగా దిగదు, ఎగసిపడుతూ దిగుతుంది. మునుపెన్నడూ లేని చిరాకు అప్పుడు మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

6. ఒక్కో మార్పు చేసి చూడండి

ఒకేసారి ఐదు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైకిల్‌కు ఒకటి చాలు.

జీవితాన్నంతా నాలుగు దశలుగా కోసి, ఈ వారం ఈ వ్యాయామం, ఆ వారం ఆ మీటింగ్ అనే పద్ధతికి నేను వ్యతిరేకిని. దానికి తగిన ఆధారాలు లేవు. వ్యాయామం మీదే చూడండి. 2020లో చాలా అధ్యయనాలను కలిపి చూస్తే పీరియడ్స్ తొలి రోజుల్లో సామర్థ్యం తగ్గింది లెక్కలోకి రానంత కొంచెమే. ఒళ్లు సహకరిస్తే చేయండి, లేకపోతే మానండి, క్యాలెండర్‌ను అడగక్కర్లేదు.

నాకు పనికొచ్చింది ఇది: −7 నుంచి −1 మధ్య కోపంతో రాసిన ఏ మెయిలూ, ఏ మెసేజీ పంపను. డ్రాఫ్ట్‌లో పెడతాను. 3వ రోజున తీసి చదువుతాను. అప్పటికీ అది నిజమే అనిపిస్తే పంపుతాను. చాలాసార్లు పంపాను కూడా, గొంతు మాత్రం తగ్గించి. ఆ వారంలో వచ్చే కోపం అబద్ధం కాదు. మిగతా మూడు వారాలు మింగినదే అప్పుడు గొంతు దాటుతుంది. "డేట్ దగ్గరపడిందా?" అని ఎవరైనా నవ్వితే, దగ్గరపడినా నా ఫిర్యాదు నిజమేనని చెప్పడానికి ఈ 3వ రోజు పద్ధతి బాగా ఉపయోగపడింది.

నిద్రకు గది చల్లగా ఉంచడం, మధ్యాహ్నం తర్వాత కెఫీన్ మానడం, లేచే వేళ మార్చకపోవడం. ఇందులో కొత్తేమీ లేదు, కానీ ఆ వారంలో ఇవి తప్పితే మనసులో ఓపిక గడి నేరుగా 1కి పడిపోవడం నా చార్ట్‌లో కళ్లారా చూశాను.

నొప్పికి ఐబుప్రోఫెన్, మెఫనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి. అందుకే నొప్పి ముదిరాక కాకుండా మొదలవగానే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

సప్లిమెంట్లలో కాస్త ఆధారం ఉన్నది కాల్షియంకు. 1998లో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో రోజుకు 1200 మిల్లీగ్రాములు వాడినవాళ్లకు మూడో సైకిల్‌కల్లా లక్షణాలు దాదాపు సగం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకు కూడా 30 శాతం తగ్గాయన్నది గుర్తుపెట్టుకోండి. అద్భుతం చేస్తుందంటూ అమ్మే ప్రతి సీసా వెనకా ఈ 30 శాతం దాక్కుని ఉంటుంది. ఆ 1200 తిండిలో వచ్చేదాన్ని కలపకుండా, మాత్రలుగా ఇచ్చిన లెక్క.

7. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏం పట్టుకుని

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే చార్ట్, రెండు సైకిల్స్ అన్న మాటలన్నీ పక్కన పెట్టండి. ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. పీరియడ్స్ రాగానే ఆ ఆలోచనలు పోతున్నాయి కదా అని ఊరుకోవద్దు, వచ్చే నెల మళ్లీ వస్తాయి.

మిగతావాళ్లకు గుర్తు ఒకటే: ఆ వారం వల్ల ఉద్యోగమో, చదువో, బంధాలో దెబ్బతింటుంటే వెళ్లాలి. పీరియడ్స్ ముందు వచ్చే ఈ ఇబ్బంది తీవ్ర రూపానికి పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) అని పేరు. అమెరికా మానసిక వైద్యుల డీఎస్‌ఎం-5 గ్రంథం 2013లో దీన్ని డిప్రెషన్ల వర్గంలో విడి జబ్బుగా చేర్చింది. పీరియడ్స్ వచ్చే 100 మందిలో 3 నుంచి 8 మంది వరకు దీనితో బాధపడతారని అంచనా. కనీసం ఐదు లక్షణాలుండాలి, వాటిలో మూడ్‌కు సంబంధించినది ఒకటైనా ఉండాలి, పీరియడ్స్ మొదలైన కొద్ది రోజుల్లో తగ్గాలి. నిర్ధారణకు రెండు సైకిల్స్ రోజువారీ రాతలు కావాలని కూడా అందులోనే ఉంది. అంటే మీ నోట్‌బుక్ డాక్టర్‌కు కావలసిన అసలు పరీక్ష.

మంచి చికిత్సలున్నాయి. డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు మామూలు డిప్రెషన్‌లో పనిచేయడానికి వారాలు తీసుకుంటాయి, ఇక్కడ మాత్రం రోజుల్లోనే పనిచేయగలవు. అందుకే కొందరికి నెలలో చివరి రెండు వారాలే ఇస్తారు. డ్రోస్పిరెనోన్ అనే హార్మోన్ ఉన్న ఒక గర్భనిరోధక మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ 2006లో పీఎండీడీ కోసం అనుమతి ఇచ్చింది. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్లకు, మైగ్రేన్, బీపీ ఉన్నవాళ్లకు ఇలాంటి మాత్రలు సరిపడకపోవచ్చు, అవి ముందే చెప్పాలి. మందులు వద్దనుకునేవాళ్లకు సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది. గైనకాలజిస్టు అయినా, సైకియాట్రిస్టు అయినా మొదలుపెట్టొచ్చు.

గదిలోకి వెళ్లాక "మూడ్ బాగుండట్లేదండీ" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు నేను ఇలా మొదలుపెట్టాను: "మూడు సైకిల్స్ రాశాను. పీరియడ్స్‌కు ముందు ఆరు రోజులు మూడ్ బాగా పడిపోతోంది, 2వ రోజుకు మామూలవుతోంది. ఇవిగో పేజీలు." ఈసారి కూర్చున్నది వేరే డాక్టర్. ఆవిడ నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.